అయిదు క్యాలిబర్లు, మూడు శనివారాలు: ఇంటి రక్షణకు చేతితుపాకి ఎంపిక

డాలస్ నగరానికి ఉత్తరాన ఉన్న ఒక శివారు పట్టణంలో పదకొండేళ్ళుగా కాపురముంటున్న మా ఇంట్లో నిన్నమొన్నటి వరకు తుపాకి లేదు. కావాలని ఎన్నడూ అనిపించలేదు కూడా. గడిచిన చలికాలంలో మా వీధిలోనే రెండు ఇళ్ళలో దొంగలు పడ్డారు. అందులో ఒక ఇంట్లో ఇంటివాళ్ళు మేడమీద నిద్రపోతుండగానే కింద వంటగది తలుపు పగిలింది. నా భార్య ఆసుపత్రిలో నర్సుగా వారానికి మూడు రాత్రులు పనిచేస్తుంది. ఆ రాత్రుల్లో ఇంట్లో నేనూ, తొమ్మిదేళ్ళ మా అమ్మాయీ ఉంటాము. నేను పని మీద ఊళ్ళు తిరిగే రోజుల్లో తల్లీకూతుళ్ళు ఇద్దరే ఉంటారు. అలారం పెట్టించాము, తలుపుల గడియలు మార్పించాము, ఆ తరువాతనే పిస్తోలు మాట వచ్చింది. కొందామన్న నిర్ణయానికి రావడానికి రెండు నెలలు పట్టింది గానీ, ఏ క్యాలిబర్ (గుండు లావు; .45 అంటే అంగుళంలో సుమారు నూటికి 45 వంతులు) కొనాలన్న ప్రశ్న దగ్గర మరో నెల ఆగిపోయాము. అడిగిన ప్రతి దుకాణంలోనూ ఒక్కో జవాబు దొరకడమే అందుకు కారణం.

ఒక దుకాణంలో కౌంటరు వెనుక ఉన్న పెద్దమనిషి .45 కన్నా చిన్నది ఏదైనా ఆటబొమ్మేనన్నట్టు మాట్లాడి, దాని దెబ్బకు మనిషి వెనక్కి ఎగిరిపడతాడని తుపాకి రాముడి కోతలు కోశాడు. ఎదుటివాణ్ణి ఎగరగొట్టేంత ఊపు గుండులో ఉంటే, అదే ఊపు పేల్చినవాణ్ణి కూడా వెనక్కి పడేయాలన్న సంగతి హైస్కూలు భౌతికశాస్త్రమే. ఇంకొక దుకాణంలో నా భార్యను ఒకసారి ఎగాదిగా చూసి, ఆడవారికి ఇది సరిపోతుందంటూ అరచేతిలో ఇమిడిపోయే రివాల్వర్‌ను ముందుంచారు. ఆమె చేతిలో బలమెంత, ఇదివరకు ఎప్పుడైనా పేల్చిందా అని అడిగినవారు లేరు. ఈ రెండు సలహాలూ విన్న తరువాత, ఎవరి మాటా కాదు, మా చేతులు చెప్పేదే విందామని అనుకున్నాము. ఇక్కడి ఇండోర్ షూటింగ్ రేంజిలలో రకరకాల చేతితుపాకులను అద్దెకు ఇస్తారు గనుక, మూడు శనివారాలు వెళ్ళి అయిదు క్యాలిబర్లను మేమిద్దరమూ విడివిడిగా పేల్చి చూశాము. ఈ సమీక్ష ఆ అనుభవం మీద ఆధారపడినది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. హెచ్1బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారికి, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు వర్తిస్తే తప్ప, తుపాకిని గానీ తూటాలను గానీ దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా సమాఖ్య చట్టం నిషేధిస్తుంది. రేంజిలో గంటసేపు అద్దెకు తీసుకున్నా అది దగ్గర ఉంచుకోవడం కిందికే వస్తుంది. వారాంతపు సరదాగా స్నేహితుల వెంట వెళ్ళే మనవాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలియదు. మేము గ్రీన్‌కార్డు వచ్చిన తరువాతనే రేంజి గుమ్మం తొక్కాము.

క్యాలిబర్‌ను ఎంచుకోవడమన్నదే మాకు కొత్త. పల్నాడులో మా మేనమామ గారికి లైసెన్సున్న రివాల్వర్ ఒకటి ఉండేది. భారతదేశంలో 9 ఎం.ఎం., .38, .45 వంటివి సామాన్యులకు నిషిద్ధ బోరులు (అనుమతి లేని క్యాలిబర్లు) కావడం వలన, కాన్పూరు ఆయుధ కర్మాగారపు .32 రివాల్వర్ తప్ప వేరే ఆలోచనకు ఆయనకు పెద్దగా తావు లేదు. దానిని కూడా ఎన్నికల నోటిఫికేషన్ వచ్చినప్పుడల్లా ఠాణాలో జమచేసి రసీదు తెచ్చుకునేవారు. అది ఆయన బీరువాలో ఉన్న సమయం కన్నా ఠాణాలో ఉన్న సమయమే ఎక్కువని మా అత్తయ్య నవ్వేది. అక్కడ ప్రభుత్వం తేల్చిన ప్రశ్నను ఇక్కడ కొనేవాడే తేల్చుకోవాలి.

పోలికకు ముందు రెండు మూడు మాటలు స్పష్టం చేయాలి. తూటా అంటే తొడుగు, మందు, గుండు కలిసిన మొత్తం. గొట్టం నుంచి బయటకు వెళ్ళేది గుండు మాత్రమే. గుండు బరువును ఇక్కడ గ్రెయిన్లలో చెబుతారు. ఒక గ్రెయిన్ సుమారు 0.065 గ్రాములు, అంటే మన కంసాలుల గురిగింజ ఎత్తులో దాదాపు సగం. 9 ఎం.ఎం. గుండు సాధారణంగా 115 నుంచి 147 గ్రెయిన్ల వరకు ఉంటుంది; .45 ఏసీపీ (ఆటోమేటిక్ కోల్ట్ పిస్టల్) తూటాలో పాతకాలం నుంచి వస్తున్న బరువు 230 గ్రెయిన్లు, అనగా దాదాపు 15 గ్రాములు. మొదటిది సెకనుకు 350 మీటర్ల దరిదాపులో పోతే, రెండవది 255 మీటర్ల దరిదాపులో పోతుంది. తేలికైన వేగమా, బరువైన నెమ్మదా అన్న తగాదాకు నూరేళ్ళు దాటాయి. జర్మనీలో గియోర్గ్ లూగర్ 9 ఎం.ఎం.ను రూపొందించింది 1900 ప్రాంతంలోనే, అమెరికాలో జాన్ బ్రౌనింగ్ రూపొందించిన .45 ఏసీపీ ఆ తరువాత నాలుగైదేళ్ళలోనే వచ్చింది. దానికోసం చేసిన 1911 పిస్తోలును అమెరికా సైన్యం 1985 వరకు ప్రామాణిక ఆయుధంగా వాడింది.

ఈ తగాదాను మలుపు తిప్పిన ఘటన 1986 ఏప్రిల్ 11న మయామీలో జరిగింది. ఇద్దరు బ్యాంకు దొంగలతో జరిగిన కాల్పుల్లో ఎఫ్.బి.ఐ. ఏజెంట్లు ఇద్దరు మరణించారు, అయిదుగురు గాయపడ్డారు. ఆ దొంగలలో ఒకడికి ముందుగానే తగిలిన 9 ఎం.ఎం. గుండు చేతిలోంచి దూసుకుని ఛాతీలోకి వెళ్ళి, గుండెకు కొద్ది దూరంలో ఆగిపోయింది. ఆ తరువాత కూడా వాడు కాల్చుతూనే ఉన్నాడు. నింద 9 ఎం.ఎం. మీద పడింది. ఎఫ్.బి.ఐ. ముందు 10 ఎం.ఎం. వైపు మొగ్గింది. అది చాలామంది చేతులకు మరీ దురుసు కావడంతో, దానినే కురచ చేసి మందు తగ్గించి స్మిత్ అండ్ వెసన్, వించెస్టర్ సంస్థలు 1990లో .40 తూటాను తెచ్చాయి. అమెరికా పోలీసు శాఖలలో అనేకం దానికి మారాయి. అదే సమయంలో ఎఫ్.బి.ఐ. ఒక పరీక్షా పద్ధతిని స్థిరపరచింది. శరీరపు కండను పోలిన, 10 శాతం గాఢత గల జెలటిన్ దిమ్మలోకి, నేరుగానూ, మందపాటి బట్ట, గోడపలక, ప్లైవుడ్, కారు అద్దం వంటి అడ్డంకుల గుండానూ కాల్చినప్పుడు గుండు కనీసం 12 అంగుళాలు చొచ్చుకుపోవాలి, 18 అంగుళాలు దాటకూడదు. తయారీదారులు పాతికేళ్ళపాటు ఈ కొలబద్దకు తగినట్టుగా గుండ్లను మెరుగుపరచుకుంటూ వచ్చారు. ఆ మెరుగుదల వల్ల ఎక్కువ లాభపడింది 9 ఎం.ఎం.యే. 2014లో ఎఫ్.బి.ఐ. శిక్షణ విభాగమే 9 ఎం.ఎం.కు తిరిగి వెళ్ళడాన్ని సమర్థించింది; 2017లో అమెరికా సైన్యం ఎంచుకున్న కొత్త పిస్తోలు కూడా 9 ఎం.ఎం.దే.

గుండ్ల మెరుగుదల అన్నప్పుడు ముఖ్యంగా చెప్పవలసినది హాలోపాయింట్ గురించి. ముక్కు దగ్గర గుంట ఉన్న ఈ గుండు శరీరంలో పువ్వులా విచ్చుకుని త్వరగా వేగం కోల్పోతుంది. అందువల్ల అవతలి పక్కకు దూసుకుపోయి మరొకరికి తగిలే ప్రమాదం తగ్గుతుంది. విచ్చుకునే గుండ్లను యుద్ధాలలో నిషేధించిన 1899 నాటి హేగ్ ప్రకటన వెనుక ఉన్నది మన కలకత్తా పక్కనున్న డమ్‌డమ్ ఆయుధాగారంలో ఆంగ్లేయులు చేయించిన తూటాలే. ఆ నిషేధం దేశాల మధ్య యుద్ధాలకు మాత్రమే. పోలీసులూ, పౌరులూ ఆత్మరక్షణకు వాడేది హాలోపాయింటే. రేంజిలో సాధనకు వాడే గుండ్రని ముక్కు గుండు ఇంట్లో పనికిరాదు, అది ఏ క్యాలిబర్‌దైనా సరే.

ఇక పరీక్ష. మా పడకగది గుమ్మం నుంచి మెట్ల చివరి వరకు కొలిస్తే ఏడు గజాలు వచ్చింది. అందుచేత గురి దూరం ఏడు గజాలే పెట్టాము. గురిగా పార్టీలలో వాడే కాగితపు భోజనం పళ్ళెం. ప్రతి తుపాకితోనూ చెరొక 50 తూటాలు నింపాదిగా పేల్చి, ఆ తరువాత అయిదు సెకన్లలో అయిదు తూటాలు కాల్చి ఎన్ని పళ్ళెంలో పడ్డాయో లెక్కపెట్టాము. ఇది శాస్త్రీయ పరీక్ష కాదు. భయంతో చేతులు వణికే రాత్రికి ఇది సాటి కూడా కాదు. కానీ రెండవ తూటా ఎక్కడ పడుతుందన్న ప్రశ్నకు ఇంతకన్నా నిజాయితీగల జవాబు దుకాణంలో దొరకదు.

మొదట గ్లాక్ 19లో 9 ఎం.ఎం. మ్యాగజైన్‌లో (పిడిలో అమర్చే తూటాల డబ్బాలో) 15 తూటాలు, నాలుగు అంగుళాల గొట్టం, నిండుగా ఉన్నప్పుడు 850 గ్రాముల పైచిలుకు బరువు. తన్ను, అంటే పేల్చినప్పుడు తుపాకి చేతిని వెనక్కి నెట్టే దెబ్బ, చురుకుగా ఉంటుంది గానీ కఠినంగా ఉండదు. గొట్టం లేచి మళ్ళీ గురి మీదికి దిగే సమయం మా ఇద్దరికీ మొదటి గంటలోనే అలవాటైంది. నావి అయిదూ పళ్ళెంలో పడ్డాయి, నా భార్యవి నాలుగు. అయితే స్లయిడ్‌ను (తూటా ఎక్కించడానికి వెనక్కి లాగే పై భాగాన్ని) వెనక్కి లాగడం ఆమెకు కష్టమైంది. మణికట్టు నొప్పి ఉన్న చేతికి ఆ స్ప్రింగు గట్టిదే. పదిసార్లలో మూడుసార్లు అది పూర్తిగా వెనక్కి రాలేదు. పేల్చడం వచ్చినా తూటాను గొట్టం వెనుక భాగంలోకి ఎక్కించడం రాని పిస్తోలుతో ఏమి లాభమన్నది ఆమె ప్రశ్న.

.40ను గ్లాక్ 23లో చూశాము. ఈ పోలిక నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించింది, ఎందుకంటే గ్లాక్ 23 శరీరం గ్లాక్ 19ది వంటిదే. పిడి అదే, పొడవు అదే, మారింది తూటా ఒక్కటే. మ్యాగజైన్‌లో రెండు తూటాలు తగ్గాయి, తన్ను మాత్రం ఒక్కసారిగా పెరిగింది. గొట్టం పైకి లేవడమే కాక పిడి అరచేతిలో మెలితిరిగినట్టయింది. అయిదు సెకన్ల పరీక్షలో నాకు మూడే పళ్ళెంలో పడ్డాయి. జెలటిన్ దిమ్మలో .40కీ, మేలైన 9 ఎం.ఎం.కూ మధ్య ఉన్న తేడా స్వల్పం. నా చేతిలో ఉన్న తేడా స్వల్పం కాదు. వాడిన .40 పిస్తోళ్ళు ఇప్పుడు కారుచౌకగా దొరుకుతున్నాయి, పోలీసు శాఖలు మార్చుకున్నవి చాలా వరకు అమ్మకానికి వచ్చాయి. చౌక అన్న ఒక్క కారణంతో కొనేవారు ముందు ఒక గంట అద్దెకు తీసుకుని చూడాలని నా సలహా.

.45 ఏసీపీని 1911 నమూనాలో పేల్చినప్పుడు నా అంచనా తలకిందులైంది. దుకాణదారుడి మాటలు విని గుండెలు చిక్కబట్టుకుని నిలబడితే, అది కొట్టినట్టు కాక గట్టిగా నెట్టినట్టు అనిపించింది. ఖాళీగా ఉన్నప్పుడే కిలో దాటే ఉక్కు పిస్తోలు కావడం అందుకు ముఖ్య కారణం. ట్రిగ్గర్ అంత తేలికగా, తిన్నగా వచ్చేది మిగిలిన వాటిలో ఒక్కటీ లేదు. నాలుగు తూటాలు పళ్ళెంలో పడ్డాయి, అవీ దగ్గర దగ్గరగా. ముచ్చట పడ్డానని ఒప్పుకుంటాను. అయితే మ్యాగజైన్‌లో ఏడే తూటాలు. సాధన తూటాల పెట్టె 9 ఎం.ఎం. కన్నా ఒకటిన్నర రెట్ల పైచిలుకు పడింది; కత్తిపీట వంటి ఆ బరువును చాచిన చేతులతో పది నిమిషాలు పట్టుకోవడం నా భార్యకు సాధ్యం కాలేదు. నెలకు ఒకసారైనా వెళ్ళి వంద తూటాలు పేల్చాలనుకునే కుటుంబానికి తూటాల ధర చిన్న విషయం కాదు. ఖర్చుకు జంకి సాధన మానేస్తే ఎంత గొప్ప క్యాలిబర్ అయినా బీరువాలోని ఇనుప ముక్కతో సమానం.

ఆడవారికి సరిపోతుందని చెప్పిన రివాల్వర్ స్మిత్ అండ్ వెసన్ 642, .38 స్పెషల్. అయిదు తూటాలు, రెండు అంగుళాలలోపు గొట్టం, ఖాళీగా ఉన్నప్పుడు 410 గ్రాముల దరిదాపు బరువు. దీని గుణాలు లేకపోలేదు. మీట (ట్రిగ్గర్) నొక్కితే పేలుతుంది, పేలని తూటా ఉంటే మళ్ళీ నొక్కితే తరువాతది వస్తుంది, స్లయిడ్ లాగే పని లేదు. జేబులో పెట్టుకుని తిరిగేవారికి అది ఉపయోగకరమే. కానీ ఇరవై తూటాల తరువాత నా భార్య దానిని బల్ల మీద పెట్టి ఇక చాలన్నది. బొటనవేలు మొదట్లో కందిపోయింది. మీట బరువుగా, పొడుగ్గా ఉండడం వల్ల నొక్కుతున్న కొద్దీ గురి పక్కకు జరిగిపోతుంది. మా ఇద్దరికీ రెండేసి తూటాలే పళ్ళెంలో పడ్డాయి. అనుభవజ్ఞుల చేతిలో ఉండవలసిన తుపాకిని, చిన్నదిగా కనబడుతుందన్న ఒక్క కారణంతో, కొత్తవారి చేతిలో పెట్టడం ఈ వ్యాపారంలో నేను చూసిన పెద్ద పొరపాటు.

దీనికి లెక్క కూడా ఉంది. గుండు బరువును దాని వేగంతో గుణిస్తే వచ్చేదే తుపాకి వెనక్కి తన్నే ఊపుకు మూలం. 9 ఎం.ఎం. ఊపును 100 అనుకుంటే, .380 సుమారు 65, .38 స్పెషల్ సుమారు 85, .40 సుమారు 125, .45 సుమారు 135 అవుతాయి. దీనిని తుపాకి బరువుతో భాగిస్తేనే చేతికి తెలిసే తన్ను వస్తుంది. అలా భాగించి చూస్తే, కిలోంపావు తూగే 1911 వెనక్కి వచ్చే వేగం గ్లాక్ 19తో ఇంచుమించు సమానం. అరకిలో కూడా తూగని 642 వేగమో, పొట్టి గొట్టంలో గుండు వేగం తగ్గుతుందని లెక్కలో తగ్గించినా, గ్లాక్ 19 కన్నా బాగా ఎక్కువ. అంటే తన్నును నిర్ణయించేది క్యాలిబర్ ఒక్కటే కాదు. ఒకే క్యాలిబర్ బరువైన తుపాకిలో సౌమ్యంగానూ, తేలికైన తుపాకిలో దురుసుగానూ ప్రవర్తిస్తుంది.

చివరిది .380 ఏసీపీ, స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజడ్‌లో. 1908 నాటి ఈ తూటాను నిపుణులలో చాలామంది ఆత్మరక్షణకు చాలీచాలని హద్దు మీద ఉన్నదిగా చూస్తారు. అందుకు కారణం ఉంది. హాలోపాయింట్ బాగా విచ్చుకుంటే 12 అంగుళాలు చేరదు, చేరితే సరిగా విచ్చుకోదు. రెండూ కుదిరే తూటాలు కొన్నే. పాత .380 పిస్తోళ్ళలో స్ప్రింగు, స్లయిడ్ బరువు మాత్రమే తూటా ఒత్తిడిని ఆపేవి కనుక, చిన్న తూటా అయినా గట్టిగా తన్నేవి, స్లయిడ్ బిగువుగా ఉండేది. ఈజడ్‌లో గొట్టమూ స్లయిడూ క్షణకాలం ముడిపడి వెనక్కి వస్తాయి, అందువల్ల స్ప్రింగు మెత్తగా ఉన్నా సరిపోతుంది. నా భార్య స్లయిడ్‌ను రెండు వేళ్ళతో లాగింది. మ్యాగజైన్‌లో ఎనిమిది తూటాలు నింపడానికి పక్కనే ఒక నొక్కు ఉంది, గోరు విరగదు. అయిదుకు అయిదూ పళ్ళెంలో పడ్డాయి. మూడు శనివారాలలో ఆమె ముఖంలో నవ్వు చూసింది అప్పుడే. వాడినది కొనేవారు ఒకటి గమనించాలి. 2020 మార్చి నుంచి అక్టోబరు వరకు తయారైన ఈజడ్ పిస్తోళ్ళను హ్యామర్ (తూటాను పేల్చే లోపలి సుత్తి) లోపం కారణంగా కంపెనీయే వెనక్కి పిలిపించింది. సీరియల్ నంబరు సరిచూసుకోకుండా డబ్బు ఇవ్వరాదు.

.22ను మేము పరీక్షకు పెట్టలేదు. తన్ను లేకపోవడం వల్ల నేర్చుకోవడానికి అది ఉత్తమం, కానీ తొడుగు అంచున కొడితే పేలే ఆ తూటాలలో పేలనివి తగలడం మామూలే. మణికట్టులో బలం బొత్తిగా లేనివారికి తప్ప దానిని ఆత్మరక్షణకు సూచించలేను.

గోడల సంగతి క్యాలిబర్ చర్చలలో తక్కువగా వినబడుతుంది, మా ఇంటి విషయంలో మాత్రం అదే ముఖ్యమైంది. ఇక్కడి ఇళ్ళ లోపలి గోడలు మన ఇటుక గోడలు కావు. కర్ర చట్రానికి రెండు వైపులా బిగించిన అర అంగుళపు జిప్సం పలకలు. మేము చూసిన అయిదింటిలో ఏ తూటా అయినా అటువంటి గోడలను ఒకటి కాదు, రెండు మూడింటిని దాటగలదు. పైగా హాలోపాయింట్ ముక్కులోని గుంట జిప్సం పొడితో నిండిపోతే అది విచ్చుకోకుండా మామూలు గుండులాగే సాగిపోతుంది. చిన్న క్యాలిబర్ కొంటే గోడ అవతల ఉన్నవారు క్షేమమన్న నమ్మకం సరికాదు. మేము అమ్మాయి మంచాన్ని మెట్ల వరుసలోంచి పక్క గోడకు జరిపాము. మా గుమ్మం నుంచి ఏ దిశలో కాల్చకూడదో పగటిపూట నిలబడి చూసి గుర్తుపెట్టుకున్నాము. పదిహేడేళ్ళ లోపు పిల్లలకు తుపాకి అందుబాటులోకి వచ్చేలా వదిలేయడం టెక్సాస్‌లో నేరం. తుపాకి కన్నా ముందు వేలిముద్రతో తెరుచుకునే ఉక్కు పెట్టెను కొని మంచం పక్కన గోడకు బిగించాము.

చివరికి రెండు కొన్నాము. నాకు గ్లాక్ 19, ఆమెకు .380 ఈజడ్. ఈజడ్ 9 ఎం.ఎం.లో కూడా దొరుకుతుంది, ఇంట్లో ఒకే క్యాలిబర్ ఉంటే తూటాలు కలగలిసే బాధ ఉండదు కదా అని నేను వాదించాను. ఆమె దానిని కూడా ఒక మ్యాగజైన్ పేల్చి చూసి, స్లయిడ్ బాగానే ఉంది గానీ రెండవ తూటా ఆలస్యమవుతోందన్నది. ఏడు గజాల దూరంలో అయిదుకు అయిదు వేసిన చేతితో వాదించడానికి నా దగ్గర కారణం లేకపోయింది. ఇంట్లో ఉంచదలచిన హాలోపాయింట్ తూటాలనే చెరొక రెండు వందలు పేల్చి చూశాము. ఒక్కటి కూడా ఇరుక్కోలేదు.

కలగలిసే బాధ మాత్రం నిజమే. .380 పెట్టెల మీద కొన్ని కంపెనీలు '9 ఎం.ఎం. షార్ట్' అని, '9 ఎం.ఎం. కుర్జ్' అని కూడా అచ్చు వేస్తాయి. గుండు వ్యాసం ఒకటే కావడంతో పక్కపక్కన పెడితే తొడుగు రెండు మిల్లీమీటర్ల పొట్టిదన్న తేడా నిద్రమత్తులో కంటికి ఆనదు. అందుకని ఆమె పెట్టెలకూ మ్యాగజైన్లకూ ఎర్ర టేపు చుట్టి, నావి వేరే అరలో పెట్టి తాళం వేశాము.